సారెపతు ఇంటి రుణం

ఏలీయా మహాప్రవక్త. అయినా దేశమంతా వాన లేక అల్లాడుతుంటే ఆయన కోసం ప్రత్యేకంగా ఒక మబ్బు తేలి రాలేదు. కొన్నాళ్లు కెరీతు వాగు నీళ్లు తాగాడు. కాకులు తెచ్చిన ఆహారం తిన్నాడు. చివరకు ఆ వాగు కూడా ఎండిపోయింది (1 రాజులు 17:7). అప్పుడు దేవుడు ఆయనను లేచి వెళ్లమన్నాడు. ఎక్కడికి? బంధువుల ఊరికి కాదు, తోటి ఇశ్రాయేలీయుల ఇంటికి కూడా కాదు. సరిహద్దు దాటి సీదోను దేశంలో ఉన్న సారెపతుకు వెళ్లమన్నాడు. అంటే కరువు తరిమితే ఏలీయా కూడా వలస వెళ్లాడు. ఆయన కూడా బతుకుదెరువు కోసం ఊరు విడిచిన మనిషే.

ఈ మాటను అలంపూర్ ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. కృష్ణ, తుంగభద్రల మధ్య ఉన్న నేల గనుక మా ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు నదుల నడుమ ఉన్నవాడు నీళ్లు లేక వలస పోవడమేమిటని బయటివారు ఆశ్చర్యపోతారు. రాజోలిబండ మళ్లింపు పథకం కింద గద్వాల, అలంపూర్ ప్రాంతాల్లో 87,500 ఎకరాలు తడవాలని, అందుకు 15.9 టీఎంసీల నీరు రావాలని కాగితం మీద లెక్క. కాలువ చివరి పొలాల రైతును అడిగితే ఆ లెక్క సంగతి చెబుతాడు. కెరీతు వాగు ఎలా ఎండుతుందో మా వాళ్లకు బైబిలు చదవకముందే తెలుసు.

అందుకే పాత మహబూబ్‌నగర్ జిల్లాకు వలస జిల్లా అని పేరొచ్చింది. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా అక్కడ 'పాలమూరు లేబర్' ఉంటుందన్నది నానుడి. గుంపు మేస్త్రీ వెంట వెళ్లిన తాతలు మట్టి మోశారు. తండ్రులు ముంబయి, పుణే బస్సులెక్కారు. ఆ తరువాతి తరంలో కొందరు విమానమెక్కి గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఈ మధ్య మన సంఘాల పిల్లలు చదువుల కోసం అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకు కూడా వెళ్తున్నారు. కూలి పనికి వెళ్లినా, పెద్ద చదువుకు వెళ్లినా మొదటి రాత్రి మాత్రం అందరికీ ఒకటే. భాష రాదు, దారి తెలియదు, జేబులో ఉన్నది ఎన్నాళ్లొస్తుందో తెలియదు. ఆ రాత్రి తలుపు తీసిన మనిషి ఎవరన్నదే ఈ వారం మన ధ్యానాంశం.

పిడికెడు పిండి పెట్టిన చెయ్యి

సారెపతులో ఏలీయాకు తలుపు తీసింది ఒక పేద విధవరాలు. ఆమె ధనవంతురాలు కాదు, యూదురాలు కాదు. ప్రవక్తను చంపించాలని చూసిన యెజెబెలు రాణి ఏ సీదోను దేశం నుండి వచ్చిందో, ఈమెదీ అదే దేశం (1 రాజులు 16:31). ఏలీయా వచ్చేసరికి ఆమె పుల్లలు ఏరుకుంటోంది. ఇంట్లో మిగిలింది తొట్టిలో పిడికెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. అది వండుకొని కొడుకుతో కలిసి తిని, ఆపైన చావుకు సిద్ధపడాలని ఆమె ఆలోచన. అలాంటి సమయంలో ఒక పరదేశి వచ్చి, ముందు నాకు పెట్టు అన్నాడు. ఆమె పెట్టింది.

ఇక్కడ మనం సాధారణంగా అద్భుతం దగ్గరకు పరుగెత్తుతాం. పిండి తరగలేదు, నూనె అయిపోలేదు అంటూ ప్రసంగిస్తాం. అది నిజమే, దేవునికి స్తోత్రం. కానీ ఆ అద్భుతానికి ముందు ఒక క్షణం ఉంది. తన బిడ్డ నోటి దగ్గరి ముద్దలో నుండి ఒక తల్లి పరాయివాడికి భాగం తీసి పెట్టిన క్షణం అది. దేవుడు పిండిని ఆకాశం నుండి నేరుగా ఏలీయా చేతిలో వేయగలడు. అంతకుముందు కాకులతో పని చేయించుకున్నాడు కూడా. అయినా ఈసారి ఒక మనిషి చేతిని, అందులోనూ అన్యురాలి చేతిని ఎంచుకున్నాడు.

ఏలీయా ఆ రుణాన్ని మరచిపోలేదు. ఆమె కొడుకు చనిపోయినప్పుడు ఆ పసివాణ్ణి తన మంచం మీద పడుకోబెట్టి, మూడుసార్లు వాడి మీద పారచాచుకొని దేవునికి మొరపెట్టాడు (1 రాజులు 17:19-22). ఆ ప్రార్థనను గమనించండి. నాకు ఆశ్రయమిచ్చిన ఈమెకా ఇంత కీడు అన్న వేదన అందులో ఉంది. ప్రవక్త తన అన్నదాత పక్షాన దేవునితో వాదించాడు. కృతజ్ఞత అంటే ఒక మంచి మాట చెప్పి ఊరుకోవడం కాదు. మనకు మేలు చేసిన వారి దుఃఖం మనదై, దేవుని ఎదుట వారి కోసం నిలబడడం.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

మా సంఘానికి చెందిన ఒక యువకుడు కొన్నేళ్ల క్రితం గల్ఫ్ నుండి తిరిగొచ్చాడు. తాపీపని అని చెప్పి తీసుకెళ్లారు. అక్కడ పరంజా మీద నుండి పడ్డాడు. పని చేయించుకున్నవాళ్లు జీతం ఆపేశారు. అకామా గడువు దాటింది. అక్కడి మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారే, ఆ బతుకులో పడ్డాడు. పోలీసు కనబడితే సందులోకి తప్పుకోవాలి, జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్లడానికి భయపడాలి. చివరకు ఔట్‌పాస్ మీద ఇల్లు చేరాడు. కుంటుతూనైనా తల్లి దగ్గరకు నడిచి వచ్చాడు.

ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. అతడు సాక్ష్యం చెప్పాడు. దేవుడు నన్ను ఆసుపత్రికి చేర్చాడన్నాడు, దేవుడు నాకు నాలుగు నెలలు తిండి పెట్టాడన్నాడు, దేవుడు నాకు టికెట్ కొనిచ్చాడన్నాడు. సంఘమంతా హల్లెలూయా చెప్పింది. ఆరాధన ముగిశాక అతని తల్లి నా ఎదుటే కొడుకును అడిగింది: "దేవుడే చేసిండు, సరే నాయనా. నిన్ను ఎత్తుకొని ఆసుపత్రికి తీసుకుపోయిన పిల్లగాని పేరేంది? వాళ్లమ్మకు నేను దండం పెట్టుకోవద్దా?"

కొడుకు తల వంచుకున్నాడు. తరువాత మెల్లగా చెప్పాడు. గదిలో తోడున్న పాకిస్తానీ డ్రైవర్ అతణ్ణి భుజాన వేసుకొని బండిలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. సందు చివర కిరాణా కొట్టు నడిపే మలయాళీ ముస్లిం నాలుగు నెలలు అప్పు మీద బియ్యం, పప్పు ఇచ్చాడు, చివరకు ఆ అప్పు చీటీ చింపేశాడు. ఒక ఫిలిప్పీన్స్ నర్సు తన డ్యూటీ అయ్యాక వచ్చి కట్టు మార్చేది. టికెట్ డబ్బు మాత్రం మన తెలుగువాళ్లు శుక్రవారం ఆరాధనలో చందా వేసుకొని ఇచ్చారు. "ఇదంతా సాక్ష్యంలో ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే, "సంఘంలో ఆ పేర్లు ఎట్ల చెప్పాలె అయ్యగారూ?" అన్నాడు.

అక్కడే ఉన్న సంఘ పెద్ద ఒకాయన అతణ్ణి సమర్థించారు. "అయ్యగారూ, దేవునికి రావలసిన మహిమ మనుషులకు పోతుంది. పైగా వారు ప్రభువును ఎరగనివారు. పులిపీట మీద ఆ పేర్లెందుకు?" అన్నారు. ఆయన భక్తిపరుడు, ఆయన భయంలో నిజం లేకపోలేదు. మనిషిని దేవుడిగా చేసుకోవడం మనకు తెలియని పాపమేమీ కాదు. కానీ ఆ తల్లి ప్రశ్నకు జవాబు కావాలి. ఆ జవాబు ప్రభువు నోటనే ఉంది.

నజరేతులో ఏం జరిగింది?

ప్రభువైన యేసు తాను పెరిగిన నజరేతులో, సమాజ మందిరంలో, తన వాళ్ల మధ్య నిలబడి మాట్లాడాడు. మొదట అందరూ ఆయన మాటలకు మురిసిపోయారు. ఆ తరువాత ఆయన ఏలీయా కథ ఎత్తాడు. ఆ కరువులో ఇశ్రాయేలులో విధవరాండ్రు ఎందరో ఉన్నా, ఏలీయా వారిలో ఎవరి ఇంటికీ పంపబడలేదనీ, సీదోను దేశపు సారెపతులో ఉన్న ఒక స్త్రీ దగ్గరకే పంపబడ్డాడనీ గుర్తుచేశాడు. వెంటనే సిరియావాడైన నయమాను పేరు కూడా చెప్పాడు (లూకా 4:25-27). అంతే. మెచ్చుకున్న నోళ్లే కోపంతో మండిపడ్డాయి. ఆయనను ఊరి బయటకు తోసుకుపోయి కొండ అంచు నుండి పడద్రోయాలని చూశారు (లూకా 4:28-29).

కోపం ఎందుకొచ్చింది? ఆయన వేరొక దేవుణ్ణి ప్రకటించాడా? లేదు. దేవుని కృప మన గోడలు దాటి వెళ్తుందని మందిరంలో బాహాటంగా చెప్పాడు. సారెపతు స్త్రీని ఆరాధనా స్థలంలో తలచుకోవడానికి యేసు సిగ్గుపడలేదు. ఆ మాట వినలేకపోయినవారు మాత్రం ఆయననే కొండ మీదికి తోసుకుపోయారు. ఈ వాక్యం చదివిన ప్రతిసారీ సంఘంగా మనం ఏ వైపు నిలబడ్డామో చూసుకోవాలి.

దేవునికి మహిమ తగ్గుతుందన్న భయానికి సంఘ చరిత్రలో మంచి జవాబే ఉంది. దేవుడు తన మేలులను మనుషుల పనుల ద్వారా, వృత్తుల ద్వారా అందిస్తాడని, వాటిని దేవుని ముసుగులుగా చూడాలని మార్టిన్ లూథర్ బోధించాడు. పాలు పితికే స్త్రీ చేతుల వెనుక, రొట్టె కాల్చేవాడి వెనుక పని చేసేది దేవుడే. రక్షణ కృప క్రీస్తులో మాత్రమే ఉందని నమ్మే మనం, దేవుడు సకల మానవుల మీద కురిపించే సామాన్య కృపను కూడా నమ్ముతాం. తనను ఎరగని పారశీక రాజు కోరెషును దేవుడు పేరు పెట్టి పిలిచి, తన ప్రజల విడుదలకు వాడుకోలేదా (యెషయా 45:1-4)? కోరెషు పేరు యెషయా గ్రంథంలో ఉన్నందువల్ల యెహోవా మహిమ తగ్గలేదు. తండ్రి ఎంత విశాల హృదయుడో దానివల్లనే తెలిసింది.

అపొస్తలుడైన పౌలు ఈ విషయంలో ఎంత జాగ్రత్తపరుడో చూడండి. రోమా పత్రిక చివరి అధ్యాయం పేర్లతో నిండి ఉంటుంది. తనకూ అనేకులకూ ఆదరువైన ఫీబేను మొదట పేర్కొన్నాడు. రూఫు తల్లిని తనకూ తల్లేనన్నాడు (రోమా 16:13). పరాయి ఊళ్లో ఎవరో ఒకరి తల్లి మనకు అన్నం పెట్టి ఉంటే ఆ మాట లోతు తెలుస్తుంది. రోమా నగరంలో చెరసాలలో ఉన్న తనను వెదకి వెదకి కనుక్కున్న ఒనేసిఫోరును ఆయన మరువలేదు (2 తిమోతి 1:16-17). విశ్వాసుల సంగతి అలా ఉంచితే, ఓడ పగిలి మెలితే ద్వీపం ఒడ్డున పడ్డప్పుడు వానలో, చలిలో నిప్పు రాజేసి ఆదరించిన ద్వీపవాసుల సంగతిని, మూడు రోజులు అతిథులుగా చూసుకున్న పొప్లి పేరును లూకా రాసి పెట్టాడు (అపొ.కా. 28:2, 7). ఆ మంట దగ్గర చలి కాచుకున్నవారిలో ఖైదీ పౌలు ఉన్నాడు. అది రాజేసినవారు సువార్త ఎరగనివారు.

ఈ వాక్యాలన్నీ ఆ పెద్దాయనతో కలిసి చదివాను. అయినా ఆయన నాతో పూర్తిగా ఏకీభవించలేదు. తరువాతి ఆదివారం మాత్రం ఆ యువకుడు మళ్లీ లేచి, ఈసారి పేర్లతో సాక్ష్యం చెప్పాడు. తల్లి ఫోను చేయించి ఆ పాకిస్తానీ డ్రైవర్ తల్లితో మాట్లాడింది. మధ్యలో మాట కలిపింది మా ఊరి ముస్లిం సోదరి ఒకామె. ఆమె ఉర్దూలో చెబుతుంటే ఇవతల ఒక తల్లి, అవతల ఒక తల్లి ఏడ్చారు. ఆ పేర్లను ఇక్కడ రాయడానికి వారి అనుమతి నా దగ్గర లేదు. మా సంఘ ప్రార్థన పుస్తకంలో మాత్రం రాసి ఉన్నాయి.

పేరు తెలిసిన మేలు, పేరు తెలియని మేలు

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకున్న లక్షన్నరకు పైగా భారతీయుల్లో తెలుగువారు చాలామంది ఉన్నారు. జీతాలు లేవు, డబ్బుకు విలువ లేదు, ఇంటికి కబురు పంపే దారి లేదు. ఆ రోజుల్లో ముందు నిలబడిన భారతీయ ప్రముఖుల్లో కేరళకు చెందిన మథున్ని మాథ్యూస్ ఒకరు. టయోటా వాహనాల సంస్థలో పని చేసినందున అందరూ ఆయనను టయోటా సన్నీ అనేవారు. తనవాళ్లను తీసుకొని తన దారి చూసుకోగల స్థితిలో ఉండి కూడా ఆయన, ఆయనతో ఉన్న కమిటీవారు ఆశ్రయం లేనివారికి తిండి, తలదాచుకునే చోటు చూసి, బస్సులు కూర్చి పంపించారు. బస్రా, బాగ్దాద్‌ల మీదుగా ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరినవారిని ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాల్లో తీసుకొచ్చింది. అలా వచ్చినవారు లక్షా పదివేలకు పైనే. మాథ్యూస్ 2017లో కన్నుమూశారు. ఆనాడు క్షేమంగా ఇల్లు చేరిన కుటుంబాల్లో ఎన్ని ఆయన పేరు ఎరుగును?

కువైట్‌లోనే మరొక సంగతి చూడండి. ఆ నగరంలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణ ఉంది. అనేక దేశాల, భాషల విశ్వాసులు అక్కడ వంతులవారీగా ఆరాధించుకుంటారు. తెలుగు సంఘాలు కూడా అక్కడ కూడుకుంటాయి. గల్ఫ్‌కు వెళ్లి వచ్చిన మన విశ్వాసులు ఆదివారం బదులు శుక్రవారం ఆరాధన అని చెప్పేది ఇలాంటి చోట్ల గురించే. ఆ ఆవరణ ఎలా వచ్చింది? ఒక శతాబ్దం కిందట ముస్లిం పాలకుడైన షేక్ ముబారక్ కాలంలో, అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి వైద్యులను కువైట్‌లోకి రానిచ్చి, ఆసుపత్రికి చోటిచ్చారు. ఆ వైద్య సేవ వెంట సంఘమూ వేరూనింది. 1999లో ఆ సంఘానికి కాపరిగా అభిషేకం పొందిన ఇమ్మాన్యుయేల్ గరీబ్ కువైట్ పౌరుడే. కాబట్టి ఈ రోజు మన తెలుగు సోదరి అక్కడ మోకరించి పాడుతున్నదంటే, ఆమె ఎన్నడూ చూడని ఎందరి చేతులో ఆమె కింద చాప పరిచాయి.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుండి 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నటాల్ చెరకు, తేయాకు తోటలకు వెళ్లారు. వారిలో తెలుగు క్రైస్తవులు కూడా ఉన్నారు. కాపరి లేని ఆ మంద కోసం మన తెలుగు బాప్తిస్టు సంఘాలు 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారిని పంపాయి. కరువుల్లో నలిగిన పేద సంఘాలే సముద్రం అవతలి తమవారిని తలచుకొని కానుక వేశాయి. ఒప్పంద కూలీల కష్టాలను స్వయంగా చూడడానికి 1914లో నటాల్‌కు, 1915లోనూ 1917లోనూ ఫిజీకి వెళ్లిన సి.ఎఫ్. ఆండ్రూస్ ఆంగ్లేయుడు. తన సొంత ప్రభుత్వం నడిపే పద్ధతి అన్యాయమని ఆయన రాసి, తిరిగి, వాదించాడు. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలు కూడా రద్దయ్యాయి. ఆయనకు భారతీయులు ఇచ్చిన బిరుదు 'దీనబంధు'. బహుమతి ఇవ్వడానికి ఏమీ లేని పేదవారు కూడా ఇవ్వగలిగిన ఘనమైన కానుక పేరే.

కృతజ్ఞత వేరు, దాస్యం వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మేలు చేసినవాణ్ణి మరువకూడదన్న మాటను కొందరు ఉచ్చుగా వాడతారు. వీసా ఇప్పించాను గనుక నోరెత్తకు అంటాడు ఏజెంటు. పని ఇచ్చాను గనుక పాస్‌పోర్టు నా దగ్గరే ఉంటుంది, జీతం నాకు తోచినప్పుడిస్తాను అంటాడు యజమాని. ఇంటిపనికి వెళ్లిన మన ఆడబిడ్డలకు ఎదురయ్యే కష్టాలు చెప్పనలవికానివి. అలాంటి చోట మౌనంగా ఉండడం కృతజ్ఞత అనిపించుకోదు.

యోసేపు పోతీఫరు ఇంట తాను పొందిన నమ్మకాన్ని గౌరవించాడు, ఆ ఇంటి ఉప్పుకు ద్రోహం చేయలేదు. కానీ ఆ ఇంట్లో పాపం చేయమంటే లొంగలేదు (ఆది 39:8-9). కూలి బిగబట్టినవారి మీద ఆ కూలియే దేవుని ఎదుట మొరపెడుతుందని యాకోబు భక్తుడు గట్టిగా రాశాడు (యాకోబు 5:4). జీతం ఇవ్వడం మేలు కాదు, బాకీ తీర్చడం. బాకీ లేకపోయినా చేయి చాచినవాడే మేలు చేసినవాడు. ఈ రెంటినీ మన పిల్లలకు విడదీసి నేర్పించి పంపాలి. అప్పుడే వారు పరాయి దేశంలో తల ఎత్తుకొని బతుకుతారు, తల వంచవలసిన మంచి మనిషి ముందు ఆనందంగా వంచుతారు.

రుణం తీర్చే చోటు ఎక్కడ?

చాలామంది అడుగుతారు: "నాకు సాయం చేసినవాళ్లు ఎక్కడున్నారో ఇప్పుడు తెలియదు అయ్యగారూ, ఎట్ల తీర్చుకోవాలె?" ఫోను నంబర్లు మారతాయి, మనుషులు దేశాలు మారతారు. ఏలీయా కూడా తిరిగి సారెపతుకు వెళ్లినట్లు వాక్యంలో లేదు. హేరోదు కత్తికి తప్పించుకొని మరియ, యోసేపులు శిశువైన యేసును ఎత్తుకొని ఐగుప్తుకు వెళ్లినప్పుడు (మత్తయి 2:13-15) వారికి ఏ ఇంటివారు చోటిచ్చారో కూడా వాక్యం చెప్పదు. మన రక్షకుడి పసితనం పేరు తెలియని ఐగుప్తీయుల పొరుగున గడిచింది.

ఇలాంటి రుణానికి మోషే ధర్మశాస్త్రం ఒక దారి చూపించింది. మీరు ఐగుప్తులో పరదేశులుగా బతికినవారే గనుక మీ మధ్య ఉన్న పరదేశిని ప్రేమించాలన్నది ఆ ఆజ్ఞ సారాంశం (ద్వితీ 10:19, లేవీ 19:34). అక్కడ పుచ్చుకున్నదాన్ని ఇక్కడ చెల్లించాలి. గల్ఫ్‌లో మనవాడి అప్పు చీటీ చింపిన కొట్టుయజమాని మనకు కనబడకపోవచ్చు. కానీ మన చౌరస్తాలో హిందీ మాట్లాడుతూ పని కోసం నిలబడ్డ బీహారు కుర్రాడు కనబడతాడు. ఇటుక బట్టీల దగ్గర గుడిసెల్లో ఉండే ఒడిశా కుటుంబాలు కనబడతాయి. పత్తి ఏరడానికి, మిరప కోతకు నది అవతలి నుండి, రాయచూరు వైపు నుండి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు కనబడతారు. మన పొలంలో, మన ఇంటి నిర్మాణంలో వారిని ఎలా చూస్తున్నాం? వారి కూలి సాయంత్రానికే ఇస్తున్నామా? వారి పిల్లవాడికి జ్వరమొస్తే ఆసుపత్రి దారి చూపేవారెవరు? మన కొడుకుకు అక్కడ జరగాలని ప్రార్థించేది వారి కొడుకుకు ఇక్కడ జరగాలి.

ఒకనాడు మన ఊళ్లకు కూడా పరదేశులు వచ్చారు. రష్యాలో పుట్టి, చిన్ననాటనే అమెరికాకు వలస వెళ్లిన డాక్టర్ కేథరిన్ షెల్లెన్‌బర్గ్ 1907లో మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చి 1945లో చనిపోయేవరకు ఇక్కడి ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం చేశారు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో ఆ మిషన్ పాఠశాలలు, వైద్యశాలలు నడిపింది. వారిని మనం ఏటా తలచుకుంటాం, తలచుకోవాలి కూడా. అయితే తెలుగు ఒక్క ముక్క రాని ఆ దొరసానులకు, దొరలకు అక్షరాలు దిద్దించిన పంతులు ఎవరు? రాత్రిపూట ఎడ్లబండి తోలినవారు ఎవరు? జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చిన వంటమనిషి ఎవరు? వారిలో కొందరు క్రైస్తవులు, కొందరు కారు. వారి పేర్లు చాలా వరకు చరిత్ర పుస్తకాల్లో లేవు. మన అవ్వతాతలూ ఒకప్పుడు పరదేశులకు సారెపతు ఇల్లయ్యారు. ఆ వారసత్వం మనది.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు కర్నూలు, అలంపూర్, రాజోలి నీట మునిగాయి. ఆ రోజుల్లో మనం మన సొంత ఊళ్లోనే పరదేశులమయ్యాం. అన్నం పొట్లం చేతికిచ్చినవాడిని ఏ మతమని ఎవరూ అడగలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మన 44వ నంబరు జాతీయ రహదారి మీద చంకన పిల్లలతో, నెత్తిన మూటలతో జనం నడిచి వెళ్లారు. వారికి నీళ్లిచ్చిన ఇళ్లు వెలవెలబోలేదు. తొట్టిలో పిండి సంగతి దేవుడు చూసుకుంటాడు.

ఈ వారం చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఊరు విడిచి బతికిన ప్రతి ఒక్కరూ కాగితం తీసుకొని, తమను ఆదుకున్నవారి పేర్లు గుర్తున్నంతవరకు రాయండి. పేరు తెలియకపోతే 'కట్టు మార్చిన నర్సు' అని రాసినా చాలు, దేవునికి ఆమె పేరు తెలుసు. నంబరున్నవారికి ఫోను చేయండి. ఏ అవసరమూ చెప్పకుండా, కేవలం కృతజ్ఞత చెప్పడానికే చేయండి. విదేశంలో పిల్లలున్న తల్లిదండ్రులు, మా వాడు ఎంత పంపాడన్న ప్రశ్నతో పాటు, వాడికి అక్కడ తోడుగా ఉన్నదెవరన్నది కూడా అడిగి తెలుసుకోండి. వారి పేర్లు పట్టుకొని కుటుంబ ప్రార్థన చేయండి. సాక్ష్యాల సమయంలో ఆ పేర్లు మందిరంలో వినబడనివ్వండి. కాపరులు, పెద్దలు అందుకు చోటివ్వండి.

ఆరాధన ముగిశాక ఇంటికి వెళ్లే దారిలో మీ భాష రాని కూలీ మనిషి ఒకరు తప్పక ఎదురవుతారు. ఆగి, ఆ మనిషి పేరు అడగండి.